కిరణజన్య ఎవరు?

ఆ ఇంట్లో గొడవంతా ఒక మొక్కను బట్టల బీరువాలో పెట్టడంతో మొదలైంది.

శనివారం పొద్దున్నే కోడలు కింది అరలోని దుప్పట్లన్నీ తీసి మంచం మీద పడేసింది. మందార మొక్క ఉన్న కుండీని రెండు చేతులా ఎత్తి ఆ ఖాళీలో కూర్చోబెట్టింది. తలుపు మూసి, సందుల్లోంచి వెలుగు దూరకుండా పాత టవలు కుక్కింది. కాఫీ గ్లాసుతో గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తున్న అత్తగారు కాఫీ తాగడం మర్చిపోయింది.

"మొక్కని ఎవరైనా బీరువాలో పెడతారటే? దానికేమన్నా చలేస్తోందా?"

"రెండ్రోజులు చీకట్లో ఉండాలత్తయ్యా. సోమవారం నా పరీక్ష దీంతోనే. మీకు పుణ్యం ఉంటుంది, తలుపు మాత్రం తీయకండి."

"చచ్చిపోతుంది పాపం."

"చావదు."

"అని అది నీతో చెప్పిందా?"

కోడలు టవలు అంచును ఇంకాస్త లోపలికి తోసింది. ఆమె పెదవులు ఏదో గొణుగుతున్నాయి. వారం రోజులుగా అదే వరస. గిన్నెలు తోముతూ గొణుగుడు, తల దువ్వుకుంటూ గొణుగుడు. పరీక్ష తలకెక్కిన మనిషిని కదిలించి లాభం లేదని అత్తగారు వంటింట్లోకి నడిచింది.

కోడలు హైస్కూలు సైన్సు ల్యాబులో అటెండరు. పిల్లలూ టీచర్లూ అందరూ ఆమెను ల్యాబమ్మ అనే పిలుస్తారు. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడి చాలాకాలమైంది. పందొమ్మిదేళ్ళుగా గాజు గొట్టాలు కడిగేది ఆమె, మొక్కలకు నీళ్ళు పోసేది ఆమె, దీపంలో స్పిరిట్ నింపేది ఆమె. అన్నీ బల్ల మీద అమర్చి, అగ్గిపెట్టె కూడా చేతికందేలా పెట్టాక టీచరుగారు వచ్చి, "సరే ల్యాబమ్మా, ఇక నువ్వెళ్ళు" అంటారు. ప్రయోగం వాళ్ళది, తర్వాత మిగిలే మసి ఈమెది. సెలవు రోజుల్లో ల్యాబు తలుపు దగ్గరికి వేసుకుని ఆ ప్రయోగాలన్నీ తనే ఒక్కతే చేసి చూసుకునేదన్న సంగతి ఎవరికీ తెలియదు. తెలిస్తే స్పిరిట్ ఎందుకు త్వరగా అయిపోతోందో కూడా తెలిసిపోయేది!

ఇప్పుడు ల్యాబ్ అసిస్టెంటు పోస్టు ఖాళీ అయింది. అటెండర్లు కూడా పరీక్ష రాయొచ్చన్నారు. ల్యాబమ్మకు ఇదే మొదటి అవకాశం, వయసు పరిమితి ప్రకారం ఇదే ఆఖరుది. ఇది తప్పితే, ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ దీపం వెలిగే వేళకు గది బయట నిలబడాల్సిందే. రాత పరీక్ష ఎలాగో గట్టెక్కింది. మిగిలింది ఒక్కటే, పై నుంచి వచ్చే అధికారి ముందు ఒక ప్రయోగం చేసి చూపించి, వివరించాలి. చీటీ తీస్తే ఆకు ప్రయోగం వచ్చింది. ల్యాబుకు రంగులు వేస్తుండడంతో అక్కడి బీరువాలన్నీ వరండాలో నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. అందుకే మొక్క ఇంటికొచ్చింది.

ప్రయోగం ఆమెకు నిద్రలో లేపి చేయమన్నా వచ్చు. చిక్కల్లా ఆ పేరు దగ్గరే. కిరణజన్య సంయోగక్రియ. ఇంత పేరు పెట్టినవాడికి నాలుక ఉందో లేదో గానీ, ల్యాబమ్మ నాలుకకు మాత్రం అది ఎక్కితే దిగదు, దిగితే ఎక్కదు. ముందు గదిలో కుట్టుమిషను దగ్గర కూర్చునే భర్త ఆమెకు గురువు. టైలరు కాబట్టి కత్తిరింపు ఎక్కువ.

"ఏదీ, మళ్ళీ అను."

"కిరణ... సంజన్య... యోగక్రియ."

"ఏమోయ్, బొత్తాం ఒకచోట, కాజా ఒకచోట పడుతోంది. విప్పి మళ్ళీ కుట్టు."

"మీకు నవ్వులాటగానే ఉంటుంది. ఆ కిరణజన్య ఒక్కటి గట్టెక్కానంటే పోస్టు నాదేనండీ. అదే గనక అడ్డం పడిందా, నా కొంప మునిగినట్టే!"

సరిగ్గా ఈ ముక్క వంటింట్లో ఉన్న అత్తగారి చెవిన పడింది.

అత్తగారికి వెంటనే విషయం అర్థమైపోయింది. అర్థం కాకపోయి ఉంటే ఎంత బాగుండేది! కిరణజన్య అని ఒకతె ఉంది. కోడలికి పోటీగా నిలబడింది. ఈ కాలం పేర్లు ఇలాగే ఉంటాయి కదా. ఇక వారం రోజుల గొణుగుడులో ఆ పేరు తర్వాత వచ్చే రెండో మాట ఆవిడకు సగమే వినపడింది. వినపడినంతవరకూ అది నలుగురిలో అనదగ్గ మాటలా అనిపించలేదు. ఆ కిరణజన్య నడవడిక గురించి కోడలు ఏదో అంటోందని, అలాంటి విషయాలు మనకెందుకులే అని, ఆవిడ పెద్దమనసుతో ఊరుకుంది. కోడలు స్కూలుకు వెళ్ళాక మాత్రం మిషను దగ్గరికి వచ్చి మెల్లగా కూపీ లాగింది.

"ఒరే, ఆ కిరణజన్య సంగతేంట్రా? బాగా చదువుకున్నదా?"

కొడుకు నోట్లో గుండుసూదులున్నాయి. తల్లి వేళాకోళమాడుతోందనుకున్నాడు.

"పుస్తకాల నిండా అదే కదమ్మా."

"అమ్మో! మరి దానికీ ఒక మొక్క ఉందా?"

"మొక్కే లేకపోతే ఇక కిరణజన్య ఎక్కడిది?"

"పెద్దవాళ్ళ అండ కూడా ఉండి ఉంటుంది."

"అండా! అది లేకపోతే లోకంలో ఎవరికీ తిండే లేదు. నీకూ లేదు, నాకూ లేదు."

అత్తగారు గోడకు చేరగిలబడిపోయింది. అంత పలుకుబడి ఉన్న మనిషి ఎదురుగా నిలబడితే, మా అమాయకురాలు మొక్కని బీరువాలో కుక్కి వెళ్ళిందా! అవతల ఆ కిరణజన్య మొక్క ఈపాటికి హాయిగా ఎండలో కూర్చుని నిగనిగలాడుతూ ఉంటుంది. సోమవారం రెండు మొక్కల్నీ పక్కపక్కన పెడితే మన పరువు ఏం కావాలి?

ఆవిడ గురించి ఒక్కమాట చెప్పాలి. ఆ ఇంటి గుమ్మం తొక్కినవాళ్ళెవరూ ఖాళీ కడుపుతో తిరిగి వెళ్ళలేదు. కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినవాడు కూడా "తిన్నానమ్మా" అని మూడుసార్లు చెప్పి, నాలుగోసారి కూర్చుని తిని వెళ్ళేవాడు. అలాంటి మనిషి ఇంట్లో ఒక ప్రాణి రెండ్రోజులు పస్తుంటే ఆవిడకు ముద్ద దిగుతుందా? దిగలేదు. పది నిమిషాలు ఓపిక పట్టింది, అంతే. తర్వాత బీరువా తలుపు తెరిచి, "రా తల్లీ, రా" అని కుండీని చంకనేసుకుంది.

శనివారం పగలంతా మొక్క డాబా మెట్ల మీద ఎండలో ఉంది. నీడ జరిగినప్పుడల్లా అత్తగారు కుండీని జరిపింది. తడిగుడ్డతో ఒక్కొక్క ఆకునూ ముందూ వెనకా తుడిచింది. సాయంత్రం నాలుగయ్యేసరికి మళ్ళీ బీరువాలో పెట్టి, టవలు కుక్కి, ఏమీ ఎరగనట్టు కూర్చుంది. రంగుల పని చూసుకోవడానికి కోడలు ఆదివారం కూడా స్కూలుకు వెళ్ళింది. ఆదివారమూ ఇదే కథ. సోమవారం పొద్దున కోడలు స్నానానికి వెళ్ళిన వేళ చూసి ఇంకో అరగంట కొసరు పెట్టింది.

పరీక్ష రోజు బీరువా తెరవగానే ల్యాబమ్మకు ఆకులు మరీ మెరుస్తున్నాయనిపించింది. ఆలోచించడానికి తీరికేదీ? నాలుక మీద కిరణజన్య ఉంది. కుండీ ఎత్తుకుని, టిఫినైనా తినకుండా బయల్దేరింది. వెనకనుంచి అత్తగారు పిలుస్తున్నా ఆగలేదు.

స్కూల్లో ఒక మంచి ఆకు చూసి, దాని నడుముకు పైనా కిందా నల్లకాగితం ముక్క పెట్టి క్లిప్పులు తగిలించింది. మొక్కను మూడు గంటలు ఎండలో ఉంచింది. మధ్యాహ్నం అధికారి వచ్చాడు. పొట్టి మనిషి, కళ్ళజోడు ముక్కు చివరికి జారితే గానీ ఎదుటివాళ్ళను చూడడు. పక్కన పట్టుచీరలా ఫెళఫెళలాడే కొత్త బట్టల్లో హెడ్ మేడం ఫైలు పట్టుకుని కూర్చుంది. గదంతా కొత్త రంగు వాసన.

"మొదలుపెట్టమ్మా," అన్నాడు అధికారి.

ల్యాబమ్మ అగ్గిపుల్ల గీసి దీపం వెలిగించింది. ఎవరూ ఆమెను బయటికి వెళ్ళమనలేదు. ఆ మాట కోసం ఒక్క క్షణం అలవాటుగా ఎదురుచూసి, రాకపోయేసరికి ఆమెకు పట్టరాని సంతోషం కలిగింది. మొక్కను రెండ్రోజులు చీకట్లో పెట్టానని చెప్పి, ఆకు కోసి, కాగితం తీసి, మరిగే నీళ్ళలో వేసింది. మెత్తబడ్డాక స్పిరిట్ పోసిన గొట్టంలో వేసి, ఆ గొట్టాన్ని వేడినీళ్ళలో నిలబెట్టింది.

"స్పిరిట్‌ని నేరుగా మంట మీద పెట్టకూడదండీ, అంటుకుంటుంది," అంది, అడగకపోయినా. ఆకులోని ఆకుపచ్చంతా స్పిరిట్‌లోకి దిగింది. ఆకు వెలవెలబోయింది. దాన్ని గోరువెచ్చటి నీళ్ళలో కడిగి, తెల్లటి పింగాణీ పళ్ళెంలో పరిచి, ముడతలు సరిచేసి, అయోడిన్ చుక్కలు వేసింది.

పిండి ఉన్నచోట ఆకు నల్లబడాలి. నల్లకాగితం కట్టిన చోట ఎండ తగల్లేదు కాబట్టి, మధ్యలో తెల్లటి చార మిగలాలి.

చార మిగల్లేదు. ఆకు ఈ కొస నుంచి ఆ కొస దాకా సిరాలో ముంచినట్టు నల్లబడింది. కాగితం కట్టిన చోట కాస్త పలచగా ఉంది గానీ, అదీ నలుపే.

ల్యాబమ్మ పళ్ళేన్ని వెలుగు వైపు తిప్పింది.

అధికారి కళ్ళజోడు ముక్కు చివరికి జారింది. "మధ్యలో చార రావాలి కదమ్మా?"

"రావాలండి."

"రాలేదు."

"రాలేదండి."

అయోడిన్ పాతదండీ అనొచ్చు. ఆకు ముదురుదండీ అనొచ్చు. పందొమ్మిదేళ్ళలో టీచర్లు పిల్లలతో చెప్పిన సాకులన్నీ ఆమెకు కంఠతా వచ్చు. అవేవీ అనకుండా ల్యాబమ్మ పళ్ళెం మీదకు వంగి ఆకును చూసింది. ఎంతసేపు చూసిందంటే, హెడ్ మేడం రెండుసార్లు గొంతు సవరించుకుంది.

"ఈ మొక్క చీకట్లో లేదండి," అంది చివరికి.

"రెండ్రోజులు చీకట్లో పెట్టానని ఇందాక మీరేగా చెప్పారు?"

"పెట్టానండి. కానీ లేదు."

"పెట్టారు, కానీ లేదు," అని అధికారి మెల్లగా అప్పజెప్పాడు. హెడ్ మేడం కళ్ళు మూసుకుంది.

"చూడండి సార్. ఆకు పగలు ఎండని పట్టుకుంటుంది. ఆ బలంతో గాలినీ నీళ్ళనీ కలిపి చక్కెర చేసుకుంటుంది. అప్పటికి కావల్సింది వాడుకుని, మిగిలింది పిండిగా మార్చి ఆకులోనే దాచుకుంటుంది. పొద్దుపోయాక పొయ్యి వెలగదు కదా, అప్పుడు ఆ దాచుకున్నది కొంచెం కొంచెం కరిగించుకుని తింటుంది. కాండానికి, వేళ్ళకి పంపిస్తుంది. రెండ్రోజులు చీకట్లో ఉంటే ఆ నిలవంతా అయిపోవాలి. ఖాళీ అయిన ఆకుకి కాగితం కడితే, కట్టినచోట కొత్త పిండి తయారవదు, రంగు మారదు. ఇక్కడ మారింది. అంటే నేను కాగితం కట్టేసరికే దీని కడుపు నిండి ఉంది."

"ఊఁ." ఆ పొడుగాటి పేరు ఒక్కసారి కూడా రాలేదని అధికారీ గమనించలేదు, ల్యాబమ్మా గమనించలేదు.

"ఈ చార పలచగా ఉంది చూడండి. కాగితం కింద ఉన్న మూడు గంటల్లో కొంచెం ఖర్చుపెట్టుకుంది. ఇంకా ఇంత మిగిలిందంటే నిన్నా మొన్నా కూడా బాగా ఎండ తిన్నట్టే. ఈ పొద్దున కూడా తిని ఉంటుంది."

"లేకపోతే అసలు మీరు చీకట్లో పెట్టనే లేదేమో?"

ల్యాబమ్మ ముఖం ఎర్రబడింది. "మీరలా అనుకున్నా నేనేం చేయలేనండి. పెట్టానని చెప్పడానికి నా దగ్గర నా మాటే ఉంది. ఆకు మాత్రం ఇలా చెబుతోంది. రెంటిలో ఒకటి రాసుకోవాలంటే ఆకు చెప్పిందే రాసుకోండి."

అధికారి నిట్టూర్చి కలం మూత తీశాడు. సరిగ్గా అప్పుడే గుమ్మంలో అన్నం క్యారియరు, దాని వెనక అత్తగారు ప్రత్యక్షమయ్యారు. పొద్దున ఏమీ తినకుండా వెళ్ళిన కోడలి కోసం వచ్చింది. అదొక్కటే అయితే వాచ్‌మన్ చేతికిచ్చి వెళ్ళిపోయేది. ఆవిడకు ఇంకో పని కూడా ఉంది.

"ఇక్కడ కిరణజన్య ఎవరు?"

అత్తగారు గదంతా కలయజూసింది. కొత్త బట్టలు, చేతిలో ఫైలు, కుర్చీలో దర్జా. ఇంకేం అనుమానం! తిన్నగా హెడ్ మేడం ముందుకు వెళ్ళి నిలబడింది.

"నువ్వేనా?"

"నేనా?" అంది హెడ్ మేడం అదిరిపడి.

"నీ మొక్కేదీ? చూపించు. మా అమ్మాయి మొక్క కంటే ఏపాటి బాగుందో నేనూ చూస్తాను. పెద్దవాళ్ళ అండ ఉన్నంత మాత్రాన సరిపోతుందా?"

"అత్తయ్యా!" అంది ల్యాబమ్మ. భూమి నోరు తెరిచి మింగేస్తే బాగుండుననిపించింది.

అధికారి కలం పక్కన పెట్టాడు. "అమ్మగారూ, మీరెవరు?"

"అత్తగారినండి."

"మొక్కకా?"

"కోడలికి. మొక్కకి కూడా అనుకోండి, తప్పులేదు. ఈ రెండ్రోజులూ దాన్ని చూసుకున్నదెవరనుకున్నారు? ఈవిడ దాన్ని బీరువాలో పడేసి చక్కా పోయింది. నేను చూస్తూ ఊరుకుంటానా? శనివారం పగలంతా ఎండలో కూర్చోబెట్టాను. నిన్న కూడా. ఈ పొద్దున ఈవిడ స్నానానికెళ్ళినప్పుడు ఇంకో అరగంట. తడిగుడ్డ పెట్టి ఆకులన్నీ తుడిచాను కూడా. ఎలా నిగనిగలాడుతోందో చూడండి బాబూ!"

అధికారి ఆకు వంక చూశాడు. ల్యాబమ్మ వంక చూశాడు. మళ్ళీ ఆకు వంక చూశాడు. ఉన్నట్టుండి హెడ్ మేడం ఫైలు ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఫైలు వెనక నుంచి కిచకిచమని చప్పుడొచ్చింది.

"ఎందుకే ఆ కిరణజన్య నవ్వుతోంది?" అంది అత్తగారు.

"ఆవిడ మా హెడ్ మేడం అత్తయ్యా. కిరణజన్య మనిషి కాదు. ఆకు ఎండ తినడాన్ని అలా అంటారు."

"ఎండ తినడానికా? దానికింత పేరా!"

"అవును."

"అన్నం తినడాన్ని అన్నం తినడమనే అంటాం కదే." అత్తగారు కాసేపు ఆలోచించింది. "మరి తినేదాన్ని నువ్వు బీరువాలో ఎందుకు పెట్టావు?"

"తినకపోతే ఆకు ఎలా ఉంటుందో చూపించడానికి. అదే నా పరీక్ష."

అత్తగారు పళ్ళెంలో నల్లటి ఆకును చూసింది, బల్ల మీద తెరిచి ఉన్న కలాన్ని చూసింది. పక్కనున్న స్టూలు మీద కూలబడి క్యారియరు ఒళ్ళో పెట్టుకుంది.

"నా చేతులారా నీ ఉద్యోగం పోగొట్టానా?"

ఉద్యోగం పోయిందనే ల్యాబమ్మ కూడా అనుకుంటోంది. వంగి దీపం మీద మూత పెట్టి ఆర్పింది.

"ఫలితం అని ఒక గడి ఉందిక్కడ," అన్నాడు అధికారి కాగితం తిప్పుతూ. "యాభై మార్కులు. చార రాలేదు కాబట్టి ఇందులో సున్నా వేయాలి. నేనేం చేయలేను."

"అలాగేనండి."

"వివరణ అని ఇంకో గడి ఉంది. దానికీ యాభై." అతను కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నేను ఈ పరీక్షలు పెట్టబట్టి చాలా ఏళ్ళయింది. అందరూ చక్కటి తెల్ల చార ఉన్న ఆకులే చూపించారు. కొందరు నిన్న చేసిన ఆకుని ఇవాళ చేసినట్టు చూపించారు. ఆకుని చూసి, దాన్ని ఎప్పుడెప్పుడు ఎండలో పెట్టారో లెక్క చెప్పినవాళ్ళని మాత్రం ఇవాళే చూడ్డం. పైగా సాక్షి నడిచి వచ్చి అదే చెప్పింది." కాగితం మీద ఏదో రాసి హెడ్ మేడం వైపు జరిపాడు. "ఇందులో యాభైకి యాభై. మొత్తం వందకి యాభై. పాసు మార్కు కూడా అదే. బొటాబొటీగా గట్టెక్కారమ్మా. ఒక్క మార్కు తగ్గినా నా చేతిలో ఉండేది కాదు."

ల్యాబమ్మకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక బల్ల అంచు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అధికారీ హెడ్ మేడమూ సంతకాల కోసం ఆఫీసు గదిలోకి వెళ్ళారు. వెళ్తూ వెళ్తూ హెడ్ మేడం అత్తగారి ముందు ఆగి, "నేను కిరణజన్యని కాదండీ, నిజంగా," అని చెప్పి మరీ వెళ్ళింది.

గదిలో అత్తాకోడళ్ళు ఇద్దరే మిగిలారు. అత్తగారు స్టూలు మీద నుంచి కదల్లేదు.

"ఉద్యోగం వచ్చినట్టేనా?"

"వచ్చినట్టే అత్తయ్యా."

"నేను రాకముందే, మొక్కని బయటికి తీసింది నేనేనని నీకు తెలుసా?"

"ఆకు నల్లబడగానే తెలిసింది."

"మరి వాళ్ళతో చెప్పలేదేం? నా పేరు చెబితే తప్పు నీది కాదని తేలిపోయేది కదే. నోరు మూసుకుని నిలబడితే, ఆ రెండో గడిలో కూడా సున్నా వేసేవాడేమో."

ల్యాబమ్మ పళ్ళెం కడుగుతోంది. కొళాయి కట్టేసి అత్తగారి వైపు తిరిగింది.

"ఏమని చెప్పనత్తయ్యా? మా అత్తగారు ఎవరు ఆకలితో ఉన్నా చూడలేరండీ అని చెప్పనా? దాన్ని ఆయన తప్పు కింద రాసుకుంటాడు."

పొద్దున్నుంచీ ఖాళీ కడుపుతో ఉన్న కోడలు ఎదురుగా ఉన్నా, క్యారియరు మూత తీయడానికి అత్తగారికి చాలాసేపు చేతులు రాలేదు.